గాజు మీద మిగిలిన నీలం

కర్నూలులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాన్లు కడిగి రిటైరైనదాన్ని నేను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే సైన్సు చదువుకునే పిల్లలు ఈమె ఎవరో పెద్ద మేడమ్ అనుకుని నిటారుగా కూర్చుంటారు. అవసరం లేదు. వెనక్కి ఆనుకునే చదవండి.

మా ఆయన ఆ ల్యాబులోనే అటెండరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు నలభై దాటాయి, ఒక్క అక్షరం రాదు. జీతం పుస్తకంలో వేలిముద్ర వేయడానికి పోతే ఆఫీసు గుమాస్తా ఇంకు డబ్బాను ఒక్క వేలితో నా వైపు తోసేవాడు. ఆ తోయడం చూసి నాకు పంతం పుట్టింది. వయోజనుల బడికి పోయి ఏడాదిన్నరలో తెలుగు పట్టుకున్నాను. ఇంగ్లీషు మాత్రం మందు సీసాల చీటీల మీద నేర్చుకున్నాను. అందువల్ల ఇంగ్లీషులో పిల్లి, కుక్క రాయమంటే నాకు ఈరోజుకీ రాదు, సోడియం రాయమంటే వస్తుంది.

చదవడం బాగానే వచ్చింది. రాయడమే తిప్పలు. సొంతంగా ఒక వాక్యం కూర్చుకుని రాయాలంటే చెమట పట్టేది. పైన ఎవరో రాసిన వాక్యం ఉంటే దాన్ని చూసి కిందికి దించడం సులువు. నా కొంప ముంచింది ఈ సులువే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి, వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లు. మా ల్యాబులో పీహెచ్డీ చేసే ఒక పాప ఉండేది. కోయిలకుంట్లలో దర్జీ దుకాణం నడిపే సాయిబు కూతురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. మా సారు, అంటే ఆమెకు గైడు, మాట కటువు మనిషి. మిగతా స్కాలర్లు ఆయన చెప్పుల చప్పుడైతే చాలు, ఏదో ఒక సీసా చేతిలోకి తీసుకునేవాళ్లు. ఈ పాప మాత్రం ఉన్నచోటే ఉండేది. ఆమె చేతిలో ఎప్పుడూ ఏదో ఒక సీసా ఉండేది కాబట్టి.

ఆమె పని ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పాలని ఒకరోజు పట్టుబట్టింది. గాజు పళ్లెంలో తెల్లటి పొడి చూపించి, "ఇది ఇసుకే పెద్దమ్మా. అయితే ఒక్కో రేణువు లోపల లెక్కలేనన్ని గూళ్లు ఉండాయి," అంది.

"తేనెపట్టు మాదిరా?"

"అచ్చం అట్లే. సబ్బు లాంటి మందు ఒకటి వేసి, దాని చుట్టూ ఇసుక గట్టిపడేట్టు చేస్తాం. తర్వాత ఫర్నేసులో పెడితే ఆ మందు కాలిపోయి గూళ్లు మిగుల్తాయి. ఆ గూళ్లల్లోకి రంగు మందు ఎక్కిస్తాండా. నీళ్లలో ఉన్నప్పుడు అది పచ్చగా వెలుగుతాది. ఇరుకు గూట్లో కూర్చోబెడితే దాని గుణం మారుతుందా, మారదా? అదే నేను చూస్తాండేది."

"ఇరుకింట్లో కాపురం పెడితే గుణం మారకుండా యాడికి పోతాదే? దీనికి పీహెచ్డీ ఎందుకు, నన్ను అడుగు, చెప్తా."

ఆమె నవ్వి నవ్వి ఆ పళ్లెం ఒలకబోసినంత పని చేసింది.

ఆ మందు వెలుగును కొలిచే మిషను మా దగ్గర లేదు. కడపలో ఒక కాలేజీలో ఉండేది. పొడి నింపిన బుడ్లను పెట్టెలో పెట్టుకుని, పదిహేను రోజులకొకసారి తెల్లారి బస్సుకు పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. ఒక్కదాన్నే పంపడానికి వాళ్ల నాయన ఒప్పుకోలేదు. "పెద్దామె తోడొస్తే పంపుతా," అన్నాడు. సారు సరేనన్నాడు. అట్లా నేను నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. నా ఒళ్లో బుడ్ల పెట్టె, ఆమె ఒళ్లో పుస్తకాలు. ఆళ్లగడ్డలో అహోబిలం పోయే జనం దిగినాక సీట్లు దొరికేవి. అప్పుడు చెప్పులిడిచి కాళ్లు చాపుకునేదాన్ని.

కడపలో మిషను చూసే ఆయనకు మమ్మల్ని చూస్తే నోరు ఊరుకునేది కాదు. "వచ్చినారా కర్నూలోళ్లు! ఏమ్మా, మా పెన్నలో ఇసుక లేదనుకున్నారా, ఆడి నుంచి మోసుకొస్తాండారు?" అనేవాడు. అయినా మా బుడ్లు అయ్యేదాకా అన్నానికి లేచేవాడు కాదు.

ఆ ఏడు ఎండాకాలం కాలేజీ బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు పోయించారు. నోట్లో పోసుకుంటే ఉప్పు. గాజు ఆరితే మీద తెల్లటి పొర. ల్యాబు పద్ధతి ప్రకారం గాజును క్రోమిక్ అనే ఎర్ర ఆసిడ్‌లో నానబెట్టి, ఆసిడ్ వాసన పోయేదాకా పదిసార్లు నీళ్లతో కడిగి, చివర డిస్టిల్డ్ నీళ్లతో తొలవాలి. పదిసార్లకు నీళ్లు ఎక్కడివి? డిస్టిల్డ్ నీళ్ల మిషనుకు చల్లబరచడానికి మళ్లీ నీళ్లు కావాలి, కరెంటు ఉండాలి. రెండూ ఒకే పూట ఉండేవి కావు.

ఎవరినీ అడగలేదు నేను. అడిగితే ఏం చెప్తారు, అదే పద్ధతి మళ్లీ చెప్తారు. ఇంట్లో బట్టలుతికే పొడి పొట్లం కట్టి తెచ్చాను. చిటికెడు వేసి, బ్రష్‌తో రుద్ది, అర బకెట్టుతో తొలిచాను. గాజు మెరిసింది. ఆ పాప బీకరును కిటికీకి ఎదురుగా పట్టుకుని, "గాజు ఉందో లేదో తెలీకుండా ఉండాది పెద్దమ్మా! ఈ కరువులో ఎట్ల కడిగితివి?" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను.

సాయంత్రం రిజిస్టరు రాయాలి. ఏ రోజు గాజు ఎట్లా కడిగిందీ రాసి సంతకం పెట్టాలని సారు పెట్టిన కట్టడి. 'క్రోమిక్ ఆసిడ్‌తో, తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో కడిగినాను' అని అందులో వరుసగా నా చేతిరాతే ఉంది. ఆరోజు పెన్ను పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాను. 'ఈ దినం నీళ్లు చాలక' అని మొదలుపెట్టాలి. తర్వాత ఏం రాయాలి, ఎట్లా ముగించాలి? చేతికి చెమట పట్టింది. పై వరుస తయారుగా ఉంది. దాన్నే కిందికి దించి సంతకం పెట్టాను. మరునాడు ఆ దించినదాన్ని మళ్లీ దించాను. అబద్ధం రాస్తున్నానని ఒక్కసారి కూడా అనుకోలేదు. రాయడం అయిపోయిందని మాత్రం అనుకున్నాను.

నెల తిరక్కుండా కడప మిషను మీద కొత్త సంగతి కనిపించింది. తెర మీద గీత ఎప్పుడూ పచ్చ వెలుగు దగ్గర ఒక్క కొండలా లేచేది. ఆరోజు దానికి ముందే, నీలం దగ్గర, ఇంకో చిన్న కొండ లేచింది. మిషను ఆయన కూడా నోరు మూసుకున్నాడు. పాప మళ్లీ నడపమంది. మళ్లీ లేచింది. బస్సులో కర్నూలు దాకా ఆమె పుస్తకం అట్టల మీద కూడా ఏదో రాసుకుంటూనే ఉంది.

గూట్లో ఇరుక్కున్న మందు వేరే గుణం చూపిస్తోందని, ఆ నీలం వెలుగు దానిదేనని ఆమె తేల్చింది. మందు ఎక్కించని ఖాళీ ఇసుకను చలికాలంలోనే కొలిచి పెట్టుకుంది. అందులో నీలం లేదు. కాబట్టి ఇసుకది కాదు. సారు గాజు మీద అనుమానపడి రిజిస్టరు తెప్పించుకుని చూశాడు. అన్ని వరుసలూ ఆసిడే. అనుమానం తీరింది.

ఒక్క చిక్కు ఉండేది. నీలం కొండ ఒక బుడ్డిలో పెద్దగా, ఒక బుడ్డిలో చిన్నగా వచ్చేది. మూడు వారాలు తల పట్టుకుని కూర్చుని దానికీ ఒక కారణం కనిపెట్టింది ఆ పాప. గూళ్ల వెడల్పు, మందు పాళ్లు కలిపి లెక్క కట్టింది. సారు మెచ్చుకున్నాడు. అసలు కారణం వేరు. నేను ఓపికగా తొలిచిన రోజు నీలం తక్కువ, నా నడుం పట్టేసిన రోజు నీలం ఎక్కువ. అది అప్పటికి నాకూ తెలియదు.

ఆమె ఫెలోషిప్ ఆ ఏడాది చివరికి అయిపోతుంది. ఈలోగా మంచి పేపరు ఒకటి లేకపోతే థీసిస్ కట్టడం కష్టం. పచ్చ కొండ ఒక్కదానితో ఎవరూ మెచ్చుకోరు. నీలం కొండతో పెద్ద ఊళ్లో జరిగే సైన్సు సభకు పిలుపు వచ్చే అవకాశం ఉంది. వ్యాసం పంపడానికి గడువు శనివారం.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె నన్ను మూల గదికి లాక్కుపోయింది. అక్కడ చీకటి పెట్టె ఒకటి, అందులో యూవీ లైటు. "మిషను మీద గీతలు చూస్తివి కదా, కంటితో చూపిస్తా, రా." పెట్టెలో బుడ్డి పెట్టి లైటు వేసింది. కన్నం లోంచి చూశాను. పచ్చగా, అంచుల్లో నీలంగా, పండగపూట గాజుల దుకాణంలా ఉంది.

"ఎట్లుండాది?"

"శానా బాగుండాది పాపా."

అంతలో సారు పిలిచాడు. ఆమె పరిగెత్తింది. నేను బుడ్డి తీసి పెడదామని చెయ్యి లోపలికి పెట్టాను. అప్పుడు నా తెల్లకోటు చేతి అంచు వెలిగింది. నీలంగా. బుడ్డిలో ఉన్న నీలమే.

చెయ్యి బయటికి తీశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ వెలిగింది. ఆ కోటు ఇంట్లో నేనే ఉతుకుతాను, అదే పొడితో. ఇంకా నమ్మలేక, పొట్లంలోంచి చిటికెడు తీసి తడి కాగితం మీద రుద్ది పెట్టెలో పెట్టాను. కాగితం దీపావళి అయింది. కడిగి బోర్లించిన బీకరు తెచ్చి పెట్టాను. అడుగున, బ్రష్ సరిగ్గా అందని మూల, సన్నగా నీలం.

బట్టలు తెల్లగా కనిపించడానికి ఆ పొడిలో వెలిగే మందు కలుపుతారని తర్వాత సారు చెప్పాడు. ఆ ఇసుక గూళ్లు దేన్నైనా పట్టేసుకుంటాయట. గాజుకు అంటిన ఆ కొంచెం కూడా వాటికి విందు.

అప్పుడే పోయి చెప్పాలి. పది అడుగుల దూరంలో ఉంది ఆమె. నేను పొట్లం కొంగున కట్టుకుని, పంపు కింద చేతులు కడుక్కుని, ఇంటికి పోయాను.

శనివారం సారు వ్యాసం సభకు పంపించాడు. ఈమెయిల్ పోయిందని కంప్యూటరు ముందు కుర్రాళ్లంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆదివారం కోయిలకుంట్ల నుంచి వాళ్ల నాయన మా ఇంటికి వచ్చాడు. సన్నటి మనిషి. మెడలో టేపు అట్లాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయి బస్సెక్కినట్టున్నాడు. పొట్లం విప్పి కొత్త తెల్లకోటు నా చేతిలో పెట్టాడు. కొలత తీసుకోకుండా ఎట్లా కుట్టాడో, భుజాలు అతికినట్టు సరిపోయాయి.

"మా పాప చెప్పినాదమ్మా. ఇది నా ఒక్కదాని పని కాదు నాయనా, పెద్దమ్మ లేకపోతే లేదు అని," అన్నాడు. "నాకు ఆ సైన్సు తెలీదు. గుడ్డ తెలుసు. అందుకని గుడ్డ తెచ్చినా."

"ఎందుకన్నా ఇదంతా," అన్నాను.

"ఊరుకోమ్మా. కడప దాకా తోడు పోతాండావు. నా బిడ్డను నీ చేతిలో పెట్టినా కదా."

టీ ఇచ్చాను. గ్లాసు కిందపెట్టి బస్సు టైము అంటూ వెళ్లిపోయాడు. నేను ఆ కోటును మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టి, ట్రంకు పెట్టెలో అడుక్కి తోశాను.

సోమవారం డిపార్టుమెంటులో సెమినార్. సభలో చెప్పబోయేది ముందు ఇక్కడ చెప్పి చూపించాలి. నేను నీళ్ల గ్లాసులు అందిస్తూ గోడవారన నిలబడ్డాను. ఆ పాప ఎంత బాగా చెప్పిందో! ఒక్క మాట తడబడలేదు. చివర్లో సారే లేచి అడిగాడు. "సభలో ఎవడో ఒకడు అడుగుతాడు. ఈ నీలం బయటి మలినం కాదని నీకేం నమ్మకం?"

"గాజంతా ఆసిడ్ వాష్ సార్. రిజిస్టరు ఉంది," అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. "మా పెద్దమ్మ కడిగిందంటే కడిగినట్టే సార్."

అందరూ నా వైపు చూశారు. గ్లాసుల ట్రేను బెంచీ మీద పెట్టేశాను.

"ఆ పుస్తకంలో ఉండేది అబద్ధం సారూ," అన్నాను. "నేను ఆసిడ్‌తో కడగలే. బట్టల పొడితో కడిగినా. నీలం దానిదే. పెట్టెలో పెట్టి చూసినా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. సారు దగ్గరికొచ్చి, నా కోటు చెయ్యి పట్టుకుని మూల గదిలోకి నడిపించాడు. పెట్టెలో నా చెయ్యి పెట్టి లైటు వేశాడు. కన్నంలో కన్ను పెట్టి చాలాసేపు చూశాడు. తల ఎత్తి, "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"బోరు ఎండినప్పటి నుంచి."

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

ఆ పాప తలుపు దగ్గర నిలబడి ఉంది.

"శుక్రవారం," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. సారు అరిచిన అరుపులు రెండు అంతస్తులకు వినిపించాయని తర్వాత చెప్పారు. నాకు మాత్రం పాప చెప్పుల చప్పుడు మెట్ల మీద దూరం కావడం ఒక్కటే వినిపించింది.

నాకు మెమో ఇచ్చారు. ఎవరి సాయమూ లేకుండా నేను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిన తొలి ఆఫీసు కాగితం అదే. జవాబు కూడా సొంతంగా రాసుకున్నాను. నాలుగు వరుసలు. రాయడానికి ఒక పగలు పట్టింది. పై వరుస ఏదీ లేదు కదా, దించడానికి. ఉద్యోగం పోలేదు. పోతే బాగుండేదని రెండు మూడు రోజులు అనిపించింది, తర్వాత అట్లా అనిపించడం మానేసింది. మనిషి బుద్ధి అంతే.

సభవాళ్లకు సారు ఉత్తరం రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. పొరపాటు మా ల్యాబుది అని రాశాడే కానీ, అటెండరుది అని రాయలేదు. ఆయన కటువు మనిషని పైన రాశాను. ఇది కూడా రాయాలి కదా.

ఎండాకాలంలో చేసిన బుడ్లన్నీ పారబోశారు. ఆ పాప మళ్లీ మొదటి నుంచి ఇసుక చేసింది, మళ్లీ ఫర్నేసులో పెట్టింది, మళ్లీ మందు ఎక్కించింది. వానలు పడ్డాయి. నీళ్లొచ్చాయి. నేను ఆసిడ్‌తో కడిగి, ప్రతి గాజునూ యూవీ పెట్టెలో చూసి, చూసినట్టు నా మాటల్లో రాసేదాన్ని. ఆ రోజుల్లో ఆమె నాతో 'ఇది ఇవ్వండి, అది పెట్టండి' అని తప్ప మాట్లాడలేదు. నన్ను 'అండి' అనడం అదే మొదలు. చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండదు.

మేమిద్దరం మళ్లీ కడప బస్సెక్కింది ఆ కొత్త బుడ్లతోనే. బస్సు నంద్యాల దాటింది, ఆళ్లగడ్డ దాటింది. కిటికీలోంచి చూస్తూనే పాప అంది, "సబ్బుపొడికి నాకు కోపం లే. నీళ్లు లేవు, నీకు తెలీదు. ఎవురైనా చేస్తారు."

నేను ఒళ్లోని బుడ్ల పెట్టెను సర్దుకున్నాను.

"శుక్రవారం నీకు తెలిసింది. శని, ఆది నేను ఎంత సంతోషంగా ఉంటినో! మా నాయన నీ ఇంటికి వస్తానంటే నేనే పంపితి. అదంతా నువ్వు చూస్తా ఉంటివి కదా పెద్దమ్మా. ఎట్ల చూస్తా ఉంటివి?"

నీ సంతోషం చెడగొట్టలేకపోయాను అని చెప్పొచ్చు. వినడానికి బాగుంటుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది సగమే. "ఉద్యోగం పోతాదని భయపడినా," అన్నాను. "నీకంటే ముందు నన్ను నేను చూసుకున్నా. అంతే పాపా, వేరే ఏం లే."

"ఇదన్నా నిజం చెప్పినావు," అంది. మైదుకూరులో బస్సు ఆగితే దిగి రెండు టీలు తెచ్చింది. ఒకటి నాకిచ్చింది. చక్కెర ఎక్కువైంది. తాగాను.

చిన్నవాళ్లకు ఒకటే చెప్తాను, పెద్ద మాటలు నాకు రావు. పని చేసే చోట తప్పు జరుగుతుంది. నీళ్లుండవు, కరెంటుండదు, నడుం నొప్పి ఉంటుంది, జరుగుతుంది. దాన్ని జనం మర్చిపోతారు. తెలిసిన తర్వాత ఎన్నాళ్లు నోరు మూసుకున్నావో, ఆ రోజుల్ని ఎవరూ మర్చిపోరు. నువ్వూ మర్చిపోలేవు.

కడపలో మిషను ఆయనకు సంగతంతా తెలిసినట్టుంది. ఎగతాళి చేయలేదు. "మొదట ఏది పెట్టాలమ్మా?" అన్నాడు.

"ఖాళీ ఇసుక," అంది పాప. "ఈసారి ఈ బుడ్లతో పాటు కడిగిన గాజులోనే నింపింది." అని కుర్చీ జరిపి నా వైపు చూసింది. "పెద్దమ్మా, నువ్వు కూర్చో. తెర నువ్వే చూడు."

నేను కూర్చున్నాను. మిషను గర్రుమంది. గీత ఎడమ పక్క నుంచి బయలుదేరి నెమ్మదిగా పాకింది. నీలం ఉండే చోటికి వస్తుంటే తెరకు దగ్గరగా వంగాను. గీత లేవలేదు. చదునుగా, దున్నని నేలలా, ఆ చోటు దాటి పోయింది. తర్వాత మందు ఎక్కించిన బుడ్డి పెట్టాడు. అప్పుడూ నీలం దగ్గర ఏమీ లేదు. ఆపైన పచ్చ కొండ ఒక్కటే లేచింది, నీళ్లలో ఉన్నప్పుడు లేచే చోటికి రవ్వంత పక్కకు జరిగి.

"కొంచెమే జరిగింది," అంది పాప, తెర మీద వేలు పెట్టి. ఆమె థీసిస్ ఆ కొంచెం మీదే నిలబడింది, ఆరు నెలలు ఆలస్యంగా. "కానీ ఇది ఆ మందుదే."

మిషను ఆయన ఇంక ఆపుకోలేకపోయాడు. "ఏమప్పా ఇది! ఆ పక్క ఏమీ లేదని చూసి ఇద్దరూ ఏడుస్తాండారు?"

"అవునప్పా," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "ఏమీ లే. శానా బాగుండాది. ఇంకోసారి పెట్టు."